లెక్కకు నిలిచిన వేగం

అమెరికాలో ఫ్లోరిడా తీరం. కెనెడీ అంతరిక్ష కేంద్రం దగ్గర నాలుగున్నర కిలోమీటర్ల పొడవున పరుచుకున్న కాంక్రీటు రన్‌వే. ఒకప్పుడు స్పేస్ షటిళ్లు దిగిన నేల అది. 2021 జనవరి 17, ఆదివారం నాడు దాని మీద ఒక కారు నిలబడి ఉంది. ఎత్తు మనిషి నడుము దాటదు. సీటు వెనకాలే ఇంజిన్. ఎనిమిది సిలిండర్లు, రెండు టర్బోలు, 1,750 హార్స్‌పవర్. మన వీధుల్లో తిరిగే చిన్న కార్లు ఇరవై కలిపినా అంత బలం రాదు. పేరు టువటారా. న్యూజీలాండ్‌లో బతికే ఒక సరీసృపం పేరది.

స్టీరింగ్ పట్టుకున్నాయన లారీ కాప్లిన్. వృత్తి దంతవైద్యం. ఆ కారు ఆయన సొంతం. డబ్బు పెట్టి కొనుక్కున్న కారులో, తన ప్రాణం తానే పణంగా పెట్టి, ఇంకొకరి పరువు నిలబెట్టడానికి కూర్చున్నాడు. అంతకు మూడు నెలల ముందు టువటారా పేరు మీద ప్రపంచానికి చాటిన ఒక అంకె నిలవలేదు. దాన్ని తయారుచేసినవాళ్లు తలెత్తుకోలేని పరిస్థితి. ఈ కారు నిజంగా ఎంత వేగం వెళ్తుందో ఇప్పుడు కొలిచేవాళ్ల కళ్ల ముందు తేలిపోవాలి.

ఇక్కడిదాకా ఎందుకు వచ్చిందో చెప్పాలంటే జెరాడ్ షెల్బీ దగ్గర మొదలుపెట్టాలి.

వాషింగ్టన్ రాష్ట్రంలో రిచ్‌లాండ్ అనే ఊరు. కార్ల రాజధాని డెట్రాయిట్ నుంచి అక్కడికి రావాలంటే సగం దేశం దాటాలి. షెల్బీ 1998లో ఎస్‌ఎస్‌సీ కంపెనీని మొదలుపెట్టాడు. కార్ల లోకంలో షెల్బీ అనగానే అందరికీ గుర్తొచ్చే కారోల్ షెల్బీతో ఈయనకు చుట్టరికం లేదు. వెనక పెద్ద కంపెనీ అండ కూడా లేదు. అయినా 2007 సెప్టెంబరులో ఆయన తయారుచేసిన అల్టిమేట్ ఏరో గంటకు 412 కిలోమీటర్ల సగటు వేగంతో పరుగెత్తి బుగాటి వేరాన్‌ను వెనక్కి నెట్టింది. నడిపింది 71 ఏళ్ల చక్ బిగెలో. గిన్నిస్ బుక్ దాన్ని నమోదు చేసుకుంది. ఫోక్స్‌వాగన్ అంతటి సంస్థ నీడలో ఉన్న బుగాటిని, చిన్న ఊళ్లోని గుప్పెడు మంది ఓడించారు.

ఆ కిరీటం మూడేళ్లు కూడా నిలవలేదు. 2010లో బుగాటి 431 కిలోమీటర్లతో తిరిగి లాక్కుంది. 2017 నవంబరు 4న స్వీడన్‌కు చెందిన కోనిగ్‌సెగ్ కంపెనీ, నెవాడా ఎడారిలో 160వ నంబరు రహదారిని మూయించి, ఎగేరా ఆర్‌ఎస్ కారును అటూ ఇటూ పరుగెత్తించింది. రెండు దిక్కుల సగటు 447.19 కిలోమీటర్లు. షెల్బీ మాత్రం 2011లోనే ప్రకటించిన టువటారాను ఏళ్ల తరబడి చెక్కుతూనే ఉన్నాడు.

2020 అక్టోబరు 10న ఆయన బృందం అదే నెవాడా రోడ్డుకు వెళ్లింది. పదకొండు కిలోమీటర్ల మేర రాకపోకలు ఆపించారు. బ్రిటన్ రేసర్ ఆలివర్ వెబ్ కారు నడిపాడు. తొమ్మిది రోజుల తర్వాత ప్రకటన వెలువడింది. రెండు దిక్కుల సగటు 508.73 కిలోమీటర్లు. ఒక దిక్కున ఏకంగా 532.93.

కార్ల అభిమానులు నివ్వెరపోయారు. ఈ రికార్డు అంతకుముందు పది, ఇరవై కిలోమీటర్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. ఇది ఒక్క దెబ్బకు అరవై దాటింది. పత్రికలు పతాక శీర్షికల్లో వేశాయి. రిచ్‌లాండ్‌లో పండగే.

ఆ పండగ పది రోజులు మించలేదు. దాన్ని ఆపింది పోటీ కంపెనీ లాయర్లు కాదు, ప్రభుత్వ అధికారులూ కాదు. కార్లంటే ప్రాణం పెట్టే ముగ్గురు వీడియోకారులు. ష్మీ పేరుతో లక్షలమందికి తెలిసిన టిమ్ బర్టన్, జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్ దగ్గర పేరుపడ్డ మిషా చారుడిన్, అమెరికాలో ఉండే రాబర్ట్ మిచెల్.

వాళ్లు చేసిన పని ఎంత సరళమో అంత గొప్పది. కంపెనీ విడుదల చేసిన కాక్‌పిట్ వీడియోను ముందు పెట్టుకున్నారు. కిటికీ బయట రోడ్డు పక్కన ఏవేవి కనిపిస్తున్నాయో గుర్తించారు. ఉపగ్రహ పటంలో వాటి మధ్య దూరం కొలిచారు. ఆ దూరం దాటడానికి కారుకు ఎన్ని సెకన్లు పట్టిందో చూశారు. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. ఎనిమిదో తరగతి లెక్క. వీడియోలో తెర మీద మెరుస్తున్న అంకెకూ, ఈ లెక్కలో వచ్చిన అంకెకూ పొంతన కుదరలేదు. అనుమానం తీరక, మూడేళ్ల కిందట అదే రోడ్డు మీద కోనిగ్‌సెగ్ తీసిన వీడియోను పక్కన పెట్టి ఆడించారు. తక్కువ వేగం చూపిస్తున్న పాత కారు, ఎక్కువ వేగం చూపిస్తున్న కొత్త కారు కంటే ఏమీ వెనకబడలేదు. గేర్ల నిష్పత్తులు, ఇంజిన్ చుట్లు, టైరు చుట్టుకొలత వేసి ఇంకో దారిలోనూ చూశారు. అక్కడా కుదరలేదు.

మొదట కంపెనీ వైపు నుంచి వచ్చిన జవాబు, వీడియో కూర్పులో తేడా జరిగిందని. ఆ మాట సద్దుమణిగేలోపే ఇంకో దెబ్బ పడింది. వేగాన్ని నమోదు చేసిన పరికరం తయారీదారు డీవెట్రాన్ తామక్కడ లేమని, ఆ అంకెలను తాము ధ్రువీకరించలేదని బహిరంగంగా చెప్పింది.

ఇక్కడ నాకు ఆ ముగ్గురి మీద గౌరవం కలుగుతుంది. వాళ్లకు టువటారా మీద పగ లేదు. ఆ కారు గెలిస్తే ముందుగా చప్పట్లు కొట్టేది వాళ్లే. కానీ వేగాన్ని నిజంగా ప్రేమించేవాడు దొంగ అంకెను భరించలేడు. ఆ వేగం కోసం నిజంగా ప్రాణాలకు తెగించినవాళ్లందరికీ అది అవమానం.

అక్టోబరు నెలాఖరులో షెల్బీ కెమెరా ముందుకొచ్చాడు. ముఖంలో అలసట దాచుకోలేదు. వీడియోలు తాను కూడా చూశానని, చూస్తున్నకొద్దీ తన మనసులోనూ అనుమానాలు మొదలయ్యాయని చెప్పాడు. ఇక ఏం చేసి కాపాడుకోవాలని చూసినా ఆ రికార్డు మీద మచ్చ అలాగే ఉండిపోతుందన్నాడు. కాబట్టి మళ్లీ పరుగెత్తాలి, ఈసారి ఎవరూ వేలెత్తి చూపలేని విధంగా పరుగెత్తాలి అని తేల్చేశాడు. అంతేనా, తప్పు పట్టినవాళ్లలో రాబర్ట్ మిచెల్‌ను స్వయంగా వచ్చి చూడమని పిలిచాడు. తన లెక్కలో బొక్క పట్టుకున్నవాణ్ని కొత్త పరీక్షకు సాక్షిగా పిలవడానికి ఎంత గుండె కావాలి?

అలా ఈ కథ ఎడారి రోడ్డు నుంచి రన్‌వే మీదికి వచ్చింది.

ఆ రన్‌వే గురించి కాస్త నింపాదిగా చెప్పాలి. 1970ల మధ్యలో కట్టారు. పొడవు 15,000 అడుగులు, వెడల్పు 300 అడుగులు. రెండు కొసల్లోనూ వెయ్యేసి అడుగుల అదనపు నేల. వాన నీరు నిలవకుండా మధ్య గీత నుంచి అంచుకు వచ్చేసరికి రెండడుగుల వాలు. చుట్టూ కాలువలు, చిత్తడి నేలలు, వాటిలో మొసళ్లు. ఎండ కాచుకోవడానికి అవి కాంక్రీటు మీదికి ఎక్కి పడుకుంటే షటిల్ రాకముందు సిబ్బంది వెళ్లి తోలేవాళ్లు. షటిళ్లకు ఇంజిన్ బలంతో దిగే వీలుండదు, గాల్లో తేలుతూ వచ్చి ఒక్కసారే దిగాలి, రెండో అవకాశం లేదు. అందుకే అంత పొడవు, అంత వెడల్పు. 2011 జూలై 21న అట్లాంటిస్ దిగాక అక్కడికి షటిళ్లు రావడం ఆగిపోయింది. 2015లో స్పేస్ ఫ్లోరిడా అనే రాష్ట్ర సంస్థ దాని నిర్వహణ తీసుకుంది.

1997 డిసెంబరు 5న మన కల్పనా చావ్లా తొలి అంతరిక్షయాత్ర ముగించుకుని దిగింది ఈ రన్‌వే మీదే. 2003 ఫిబ్రవరి 1న ఆమె ఉన్న కొలంబియా షటిల్ రావలసిందీ ఇక్కడికే. చేరడానికి పదహారు నిమిషాల ముందు ఆకాశంలోనే ముక్కలైపోయింది. కార్ల కథలో ఇది పక్కమాటే. కానీ ఆ నేల పేరు రాస్తూ ఆమెను తలుచుకోకుండా దాటిపోవడానికి నాకు చెయ్యి రాలేదు.

షటిళ్లు లేని వేళల్లో ఆ నేల కోసం కార్లవాళ్లు వచ్చారు. జానీ బోమర్ అనే ఆయన అక్కడ పరీక్షల వేదికే నడుపుతున్నాడు. 2012 అక్టోబరులో తన ఫోర్డ్ జీటీని నిలబడ్డచోటి నుంచి ఒక్క మైలు దూరంలో గంటకు 455 కిలోమీటర్లు దాటించాడు. ఇంజిన్ విప్పి బలం నూరిపోసిన కారు అది, షోరూంలో కొనుక్కునేది కాదు. 2014 ఫిబ్రవరి 14న హెన్నెసీ వెనమ్ జీటీని బ్రయాన్ స్మిత్ 435.31 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లాడు. కానీ ఆ రోజు ఒక దిక్కునే పరుగెత్తడానికి అనుమతి దొరికింది. వెనక గాలి ఎంత తోసిందో ఎవరు చెప్పాలి? అటు వెళ్లిన వేగం, ఇటు వచ్చిన వేగం కలిపి సగటు తీస్తేనే గాలి, వాలు రెండూ లెక్కలోంచి తొలగిపోతాయి. అందుకే అంతటి వేగం అందుకున్నా వెనమ్‌కు గిన్నిస్ రికార్డు దక్కలేదు.

వేగం మీద మోజు ఎక్కడైనా ఉంటుంది. మన దేశంలోనూ మహారాష్ట్ర కొండల్లోని ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రాగ్ పోటీలు జరుగుతుంటాయి. అలాంటి నేల దొరకనివాళ్లు, దొరికేదాకా ఓపిక పట్టనివాళ్లు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏం చేస్తారో, ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మనకు తెలుసు. పాలడబ్బా కొనుక్కుని ఇంటికి వెళ్తున్నవాడు ఎదురుపడే అవకాశం లేని నేల కావాలి ఈ పనికి. ఎదురు వాహనం లేదు, అడ్డం పడే మనిషి లేడు, ప్రమాదం ఉంటే అది చక్రం పట్టుకున్నవాడిది మాత్రమే.

ఆ ప్రమాదం చిన్నదేమీ కాదు. గంటకు 455 కిలోమీటర్లంటే సెకనుకు 126 మీటర్లు. ఒక్కో చక్రం సెకనుకు యాభై సార్లకు పైగా తిరుగుతుంది. టైరు అంచున ఉన్న ఒక గ్రాము రబ్బరు నాలుగు కిలోలకు పైగా బరువుతో బయటికి లాగుతుంది. కాంక్రీటు మీద చిన్న ఇనుప ముక్క ఉన్నా ఆ టైరుకు చాలు. బ్రిటన్‌లో ఎల్వింగ్టన్ అనే పాత యుద్ధవిమానాల స్థావరం రన్‌వే మీద 2006 సెప్టెంబరు 20న టీవీ వ్యాఖ్యాత రిచర్డ్ హామండ్ జెట్ కారు నడుపుతుండగా ముందు కుడి టైరు పగిలింది. అప్పటి వేగం దాదాపు 463 కిలోమీటర్లు. తలకు బలమైన గాయం, రోజుల తరబడి ఆస్పత్రి, బతికి బయటపడ్డాడు. అదే రన్‌వే మీద 2020 అక్టోబరు 1న జెఫ్ ఐసెన్‌బర్గ్ తన పోర్షే కారులో బ్రిటన్ రికార్డు కోసం ప్రయత్నిస్తూ ప్రాణాలు వదిలాడు. నెవాడాలో టువటారా పరుగుకు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు. ఇవన్నీ తెలిసే కాప్లిన్ ఆ సీట్లో కూర్చున్నాడు.

నిజానికి డిసెంబరులోనే ఒకసారి ప్రయత్నించారు. రాబర్ట్ మిచెల్ కూడా వచ్చాడు. కారు మొండికేసింది. ఇంజిన్ వేడి, స్పార్క్ ప్లగ్గులు ఇబ్బంది పెట్టాయి. సిలిండర్లన్నీ సరిగ్గా మండకపోతే ఎన్ని హార్స్‌పవర్లున్నా ఏం లాభం? అనుకున్న వేగానికి చాలా దూరంలోనే ఆగిపోయారు. చూసేవాళ్లలో కొందరికి అది ఇంకో సాకులా అనిపించి ఉండొచ్చు. బృందం మళ్లీ కారు విప్పి సరిచేసుకుని జనవరిలో వచ్చింది.

ఈసారి కొలతకు ఒక్క పరికరాన్ని నమ్మలేదు. రేస్‌లాజిక్ వాళ్ల జీపీఎస్ యంత్రం, ఆ కంపెనీ మనిషి స్వయంగా అక్కడ. దానికి తోడు లైఫ్ రేసింగ్, గార్మిన్ పరికరాలు. మైలు పరుగులను నమోదు చేసే అంతర్జాతీయ సంఘం పరికరం కూడా. నాలుగూ ఒకే మాట చెప్పాలి. ఒకటి తడబడినా లోకం పట్టుకుంటుంది.

నేల మాత్రం నెవాడా అంత ఉదారం కాదు. అక్కడ పదకొండు కిలోమీటర్లు. ఇక్కడ వేగం అందుకోవడానికి ఉన్నది 3.7 కిలోమీటర్లే. ఆ తర్వాత, కొసల అదనపు నేలతో కలిపి, మిగిలే ఒకటిన్నర కిలోమీటరులో ఆగాలి. శిఖరవేగంలో బ్రేకు వేయకుండా వదిలేస్తే ఆ మిగిలిన నేల పన్నెండు సెకన్లలో అయిపోతుంది. దాని అవతల కాలువ.

తొలి పరుగు ఉత్తరానికి. ఇంజిన్ నిమిషానికి 8,800 చుట్ల దాకా ఎగబాకుతుంది, గేరు మారుతుంది, మళ్లీ ఎగబాకుతుంది. మొదటి మూడొందల కిలోమీటర్ల వేగం ఇలాంటి కార్లకు పెద్ద విషయం కాదు. అక్కణ్నుంచే గాలి గోడలా మారుతుంది. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన హార్స్‌పవర్ ఎనిమిది రెట్లు. కాబట్టి చివరి ప్రతి పది కిలోమీటర్లూ అంతకుముందు పది కంటే ఖరీదు. స్పేస్ షటిల్ చక్రాలు ఇదే నేలను తాకేటప్పుడు వేగం గంటకు 340, 360 కిలోమీటర్ల మధ్య ఉండేది. కాప్లిన్ దాన్ని దాటేశాడు. నాలుగొందలు దాటాడు. నేల అయిపోవస్తుండగా పరికరాలు రాసుకున్న అంకె 279.7 మైళ్లు. అంటే గంటకు 450 కిలోమీటర్లు.

అక్కడితో సంబరం లేదు. వెనమ్‌కు జరిగింది అందరికీ గుర్తే. కారు తిప్పాలి, టైర్లు చూడాలి, ఎదురు దిక్కున మళ్లీ మొదలుపెట్టాలి. ఒకసారి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని వెళ్లొచ్చిన మనిషి దిగి గాలి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోకుండా, అదే పని ఇంకోసారి చేయడానికి సీటు బెల్టు బిగించుకోవడం నాకు మొదటి పరుగు కంటే పెద్ద సాహసంగా కనిపిస్తుంది. మొదటిసారి కుతూహలం తోడుంటుంది. రెండోసారి ఏం చూడబోతున్నాడో పూర్తిగా తెలుసు.

దక్షిణానికి పరుగు. 286.1 మైళ్లు. గంటకు 460 కిలోమీటర్లు.

రెండింటి సగటు 282.9 మైళ్లు, 455.3 కిలోమీటర్లు. కోనిగ్‌సెగ్ రికార్డు కంటే ఎనిమిది కిలోమీటర్లు ఎక్కువ. అక్టోబరులో చాటుకున్న అంకె కంటే యాభైకి పైగా తక్కువ. పరికరాల్లోని అంకెలు బయటపెట్టారు, వీడియోలు బయటపెట్టారు. అక్టోబరులో లెక్కలు వేసినవాళ్లు మళ్లీ వేసుకోవచ్చు. ఈసారి లెక్క నిలిచింది.

దీన్ని కొందరు సగం విజయంగానే చూశారు. మూడొందల మైళ్లు దాటామని చెప్పి, రెండొందల ఎనభై మూడు దగ్గర ఆగారని. నేను అలా చూడలేను. తక్కువ నేల మీద, వృత్తి రేసర్ కాని ఒక దంతవైద్యుడి చేతుల్లో, అటూ ఇటూ రెండు పరుగుల్లో వచ్చిన అంకె ఇది. అక్టోబరు ప్రకటన లేకపోయి ఉంటే దీనికి ప్రపంచం హారతి పట్టేది.

తర్వాత కష్టాలు అయిపోలేదు. 2021 ఏప్రిల్‌లో టువటారాను మళ్లీ ఫ్లోరిడాకు తీసుకెళ్తుండగా యూటా రాష్ట్రంలో ఈదురుగాలికి ట్రైలర్ పక్కకు పడిపోయింది. మనుషులు క్షేమం, కారుకు దెబ్బలు. జూలైలో కంపెనీ ఇంకో పని చేసింది. 2020 అక్టోబరులో తాము చాటిన 331 మైళ్లే (532.93 కిలోమీటర్లు) కాదు, 301 మైళ్లు కూడా అందుకోలేదని లిఖితపూర్వకంగా ఒప్పుకుంది. జనవరి గెలుపు చేతిలో ఉంది కాబట్టి పాత సంగతి ఎత్తకుండా ఊరుకున్నా అడిగేవాళ్లు తగ్గిపోతుండగా, వాళ్లంతట వాళ్లు ఆ మాట రాసిచ్చారు. మొదటి రోజే చెప్పి ఉంటే ఇంకా బాగుండేది, సందేహం లేదు. ఆలస్యంగానైనా చెప్పడం చిన్న విషయం కాదు.

2022 మే నెలలో కాప్లిన్ మరమ్మతులైన కారుతో అదే రన్‌వే మీదికి వచ్చాడు. ఈసారి ఒక దిక్కున 295 మైళ్లు, అంటే 475 కిలోమీటర్ల దగ్గరకు తీసుకెళ్లాడు. మూడొందల మైళ్లకు ఇంకా అయిదు తక్కువ. వినడానికి అయిదే. కానీ ఆ అయిదు మైళ్లకు ఇంజిన్ గాలి మీద పెట్టాల్సిన హార్స్‌పవర్ మరో అయిదు శాతం పెరగాలి, అది కూడా అవే 3.7 కిలోమీటర్లలో. రన్‌వే ఒక్క అడుగు కూడా పొడవు పెరగదు.